మందిరం లెక్కల పుస్తకంలో రెండు కొత్త పేజీలు

జూన్ 5, పర్యావరణ దినం దగ్గరపడగానే చాలా క్రైస్తవ మందిరాల ఆవరణల్లో ఒక గొయ్యి తవ్వుతారు. సంఘకాపరి అయ్యగారు ప్రార్థన చేస్తారు, కమిటీ పెద్దలు తలా ఒక చెయ్యి వేసి మొక్క నాటుతారు. జులై నాటికి అది ఎండిపోయి ఉంటుంది. భక్తి తక్కువై కాదు. జూన్ మొదటి వారానికి మన దగ్గర వానలు ఇంకా సరిగ్గా పట్టుకోవు. నేల మే నెల వేడితోనే ఉంటుంది, ఆదివారం తర్వాత మళ్లీ ఆదివారం దాకా నీళ్లు పోసేవాళ్లుండరు. సృష్టి సంరక్షణ పేరుతో సంఘాల్లో జరిగే చాలా పనులు ఇలాగే మొదలై ఇలాగే ఆగిపోతున్నాయి. తేదీ ఉంటుంది, కార్యక్రమం ఉంటుంది, మర్నాటి పనికి మనిషి ఉండడు.

వాక్యం, పిలుపు మనకు కొత్త కాదు. ఆదికాండము రెండో అధ్యాయంలో నరుణ్ణి తోటలో ఉంచింది దాన్ని "సేద్యపరచుటకును దాని కాచుటకును". కాచుట అంటే పొలం కాయడమే. రాత్రిపూట మంచె మీద కూర్చుని పందుల్ని తోలేవాడి పని. 1989లో ఆర్థడాక్స్ సంఘాల ప్రధాన గురువైన కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ సెప్టెంబర్ 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా ప్రకటించారు. 2015లో పోప్ ఫ్రాన్సిస్ సృష్టి సంరక్షణపై 'లౌదాతో సీ' లేఖ రాసి, అదే ఏడాది కతోలికులకూ ఆ రోజును పాటించమని చెప్పారు. ఇప్పుడు సెప్టెంబర్ 1 నుంచి అక్టోబర్ 4 దాకా సృష్టి కాలంగా లోకమంతటా అనేక సంఘాలు జరుపుకుంటున్నాయి. దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐకి) పర్యావరణం కోసం ప్రత్యేక విభాగం ఉంది, పర్యావరణ ఆదివారం ఉంది, సభలు విందులు ప్లాస్టిక్ లేకుండా జరపాలనే హరిత నియమావళీ ఉంది. కొరత ఉన్నది స్థానిక సంఘం దగ్గర. సోమవారం పొద్దున ఎవరు ఏం చెయ్యాలన్న చోట.

అందుకే మొక్కతో కాకుండా కోశాధికారి గారి లెక్కల పుస్తకంతో మొదలుపెట్టమని అంటాను. అందులో రెండు కొత్త పేజీలు పెట్టండి.

మొదటి పేజీలో గడిచిన 12 నెలల్లో మందిరం వాడింది రాయాలి. కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిల్ లీటర్లు, గ్యాస్ సిలిండర్లు, నీళ్ల ట్యాంకర్లు, వాడి పారేసిన ప్లేట్లు గ్లాసులు ఎన్ని వందలు, ఫ్లెక్సీలు ఎన్ని చదరపు అడుగులు. రూపాయలు కాదు, యూనిట్లు లీటర్లు రాయాలి. ధరలు ఏటా మారితే రూపాయల లెక్కలో వాడకం తగ్గిందో పెరిగిందో తెలియదు. గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలో, లీటరు డీజిల్‌కు 2.7 కిలోలు, 14.2 కిలోల సిలిండర్‌కు 42 కిలోల చొప్పున కార్బన్ డయాక్సైడ్ లెక్క వేసుకోవచ్చు.

రెండో పేజీలో మనుషుల పేర్లు. సంఘంలో ఎండలో పనిచేసేవాళ్లెవరు, రేకుల ఇళ్లలో ఉన్నవాళ్లెవరు, ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్లెవరు, ఏటి ఒడ్డున, సముద్రపు ఒడ్డున ఎవరి ఇళ్లున్నాయి. తెలుగు నేల మీద పల్లె సంఘాల్లో కూర్చునేవాళ్లలో ఎక్కువమంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. వాతావరణ మార్పుకు తక్కువ కారణమైనవాళ్లే ఎక్కువ నష్టపోకూడదనే 'వాతావరణ న్యాయం' అన్న మాటకు అర్థం ఈ పేజీలో ఉంది. ఈ రెండో పేజీని దాటేసి మొదటి పేజీతోనే సరిపెట్టుకుంటే అది కరెంటు బిల్లు పొదుపు మాత్రమే అవుతుంది. రెండో పేజీకి చివర్లో వస్తాను, ముందు మొదటిది.

ఫ్యాన్లు, సోలారు

కరెంటు ఆదా అనగానే అందరికీ బీఎల్‌డీసీ ఫ్యాన్లు గుర్తొస్తాయి. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటే ఇది 30 వాట్లు తింటుంది. మంచిదే, కానీ ఎక్కడ బిగిస్తున్నామన్నది చూడాలి. మందిరంలో ఫ్యాను వారానికి ఆరు గంటలు తిరిగితే ఏడాదికి 300 గంటలు. ఆదా అయ్యేది ఫ్యానుకు 13 యూనిట్లు, అంటే సుమారు వంద రూపాయలు. మూడు వేలు పెట్టి కొన్న ఫ్యాను ఆ లెక్కన 30 ఏళ్లకు గిట్టుతుంది. అదే ఫ్యాను సంఘం నడిపే హాస్టల్లో రోజుకు 12 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే 160 యూనిట్లు మిగులుతాయి, మూడేళ్లలోపే డబ్బు తిరిగొస్తుంది. కాబట్టి ముందు హాస్టలు, బడి, ఆసుపత్రి, అయ్యగారి ఇల్లు. మందిరంలో పాతవి చెడిపోయినప్పుడు మార్చుకుంటే చాలు.

సోలారులోనూ ఇదే మెలిక. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు వంద చదరపు అడుగుల చోటు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మందిరం పగటి వాడకం ఆదివారం నాలుగు గంటలే. మిగతా ఆరు రోజుల ఎండ వృథా కాకూడదంటే, మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో లెక్క కట్టే నెట్ మీటరు తప్పనిసరి. దాని దరఖాస్తుకు వెళ్లినప్పుడే చాలా సంఘాలకు అసలు చిక్కు ఎదురవుతుంది. మీటరు ఎప్పుడో ప్రభువునందు నిద్రించిన పెద్దాయన పేరు మీద ఉంటుంది, స్థలం కాగితాలు ఇంకొకరి దగ్గర ఉంటాయి. సోలారు కంపెనీని పిలవకముందే మీటరు పేరు మార్పు, మంజూరైన లోడు, ఆస్తి పత్రాలు సరిచేసుకోండి. దీనికే నెలలు పట్టొచ్చు.

మన పాత దేవాలయాల్లో బలిపీఠం తూర్పున ఉండేలా కట్టినవి చాలా ఉన్నాయి. అంటే కప్పు పొడవునా ఒక వాలు దక్షిణానికి తిరిగి ఉంటుంది. ప్యానెళ్లకు ఇంతకంటే మంచి ముఖం లేదు. కానీ గంటగోపురం సాధారణంగా పడమటి ద్వారం మీద ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత దాని నీడ కప్పు మీద తూర్పుకు సాగుతుంది. వరసలో ఒక ప్యానెల్ మీద నీడ పడినా మొత్తం వరస ఉత్పత్తి పడిపోతుంది. డిసెంబర్‌లో, ఏప్రిల్‌లో ఒక్కోరోజు మధ్యాహ్నం మూడింటికి కప్పు ఫొటో తీసి, నీడ ఎంతదాకా వస్తుందో చూశాకే చోటు ఖాయం చేయాలి. బెంగుళూరు పెంకుల కప్పయితే దాని జోలికి వెళ్లకండి. పెంకులు మనిషి బరువుకే పగులుతాయి, వాసాలు ఎప్పటివో. పక్కన సండే స్కూల్ గది స్లాబు ఉంటే అక్కడ పెట్టుకోవడం మేలు.

ఇంకో రెండు సంగతులు ముందే సంఘానికి చెప్పాలి. లేకపోతే తర్వాత కమిటీ మాట పడుతుంది. బ్యాటరీ లేని నెట్ మీటరు సోలారు, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలాగే తయారుచేస్తారు. 'సోలారు పెట్టించాం, ఇంక పవర్ కట్ ఉండదు' అని ప్రసంగ వేదిక మీంచి ప్రకటించకండి. రెండోది, సోలారుకు కేంద్ర ప్రభుత్వమిచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వరకు. మందిరం కనెక్షన్‌కు రాదు. ప్యానెళ్లను పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున కడగాలి. మధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది.

ఉజ్జీవ సభల జనరేటరు గురించి ఒక్క మాట. మూడు రాత్రులు, రాత్రికి ఐదు గంటలు, గంటకు మూడు లీటర్లయినా 45 లీటర్ల డీజిల్, 120 కిలోల కార్బన్ డయాక్సైడ్, పైగా వెనక వరసలో కూర్చున్న చంటిపిల్లలకు పొగ. విద్యుత్ ఆఫీసులో తాత్కాలిక కనెక్షన్ ఇస్తారు. సభల తేదీలు ఖాయం చేసిన రోజే దరఖాస్తు పెట్టాలి.

కప్పు మీద పడే వాన

40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న మందిరం కప్పు అంటే 223 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసే ఊళ్లో ఐదో వంతు పోయిందనుకున్నా లక్షా నలభై వేల లీటర్లు. అనంతపురం లాంటి 550 మిల్లీమీటర్ల చోట కూడా 98,000 లీటర్లు. ఒక్క మంచి వానకే, 25 మిల్లీమీటర్లకు, 4,400 లీటర్లు దిగుతాయి. అందుకని ఐదు వేల లీటర్ల ట్యాంకు, దాని పొర్లుడు పోవడానికి ఒక ఇంకుడు గుంత, ఈ జోడీ సరిపోతుంది. వాననీళ్లన్నీ దాచుకుందామని పెద్ద సంపు కట్టించడం డబ్బు దండగ.

పని చెడేది ఎక్కువగా మొదటి వాన దగ్గర. కప్పు మీద ఎనిమిది నెలల దుమ్ము, పావురాల రెట్టలు, గోపురంలో గబ్బిలాలుంటే వాటి మలం అంతా మొదటి జల్లుకే దిగుతుంది. దాన్ని పక్కకు వదిలేయాలి. మిల్లీమీటరు లెక్కన పైన చెప్పిన కప్పుకు 220 లీటర్లు. పనివాళ్లు మామూలుగా నాలుగంగుళాల పైపు ఒక మీటరు ముక్క కిందికి దించి మూత బిగించి వెళ్తారు. అందులో పట్టేది ఎనిమిది లీటర్లు. ఇంటికే చాలదు, మందిరానికి ఏం చాలుతుంది? 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, అది నిండాకే నీళ్లు ట్యాంకు వైపు మళ్లేలా టీ జాయింటు పెట్టించాలి. డ్రమ్ము అడుగున చిన్న కొళాయి ఉండాలి, వాన వెలిశాక తిప్పి ఖాళీ చేయడానికి. ఆ కొళాయి తిప్పే మనిషి పేరు లెక్కల పుస్తకంలో రాయాలి.

ఇంకుడు గుంత ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతు. అడుగున రెండడుగులు పెద్ద రాళ్లు, పైన రెండడుగులు కంకర, ఆపైన నైలాన్ వల పరిచి అడుగు మందం దొడ్డు ఇసుక, మిగిలిన అడుగు ఖాళీ. వల లేకపోతే ఇసుక రెండేళ్లలో కంకరలోకి దిగిపోయి గుంత మూసుకుపోతుంది. గోడ పునాదికి పదడుగుల దూరం, సెప్టిక్ ట్యాంకుకు 50 అడుగుల దూరం ఉండాలి. నల్లరేగడి నేలల్లో పై మట్టి నీటిని పీల్చుకోదు, కింద మొరం తగిలేదాకా తవ్వాల్సిందే. మే నెలలో పై అంగుళం ఇసుక గీకి కొత్తది పోయాలి. వడకట్టకుండా కప్పు నీళ్లను నేరుగా బోరులోకి వదలడం మాత్రం చేయకండి. ఊరంతా తాగే నీళ్లలోకి మన కప్పు మురికి దింపినట్టే.

ట్యాంకు నీళ్లు కడుగుళ్లకు, మొక్కలకు, బాప్తిస్మపు తొట్టికి. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు తొట్టికి దాదాపు 4,000 లీటర్లు పడతాయి. బాప్తిస్మం అయ్యాక అడుగు తూము తీస్తే నీళ్లు చెట్ల పాదుల్లోకి పోయేలా కాలువ ఉండాలి. చాలాచోట్ల అవి డ్రైనేజీలోకి పోతున్నాయి.

ప్రేమ విందు

చెత్తలో పెద్ద వాటా ఇక్కడిదే. 2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ నిషేధం. క్రిస్మస్ పశువుల పాకను థర్మోకోల్‌తో చేయడం కూడా ఆ నిషేధం కిందికి వస్తుంది. దాంతో చాలా సంఘాలు పేపర్ ప్లేట్లకు మారి, పని అయిపోయిందనుకున్నాయి. తడి కూర ఆగాలంటే పేపర్ ప్లేటు మీద ప్లాస్టిక్ పొర ఉండాలి, పేపర్ కప్పు లోపలా అంతే. అది కుళ్లదు, తిరిగి కరగబెట్టడానికీ పనికిరాదు. మిషన్ మీద అచ్చొత్తిన విస్తరాకుల్లోనూ కొన్నింటికి వెనక ప్లాస్టిక్ అంటించి అమ్ముతున్నారు. ఒకటి చించి చూసి కొనండి. చేతితో కుట్టిన మోదుగాకు, అడ్డాకు విస్తర్లయితే ఏ దిగులూ లేదు. అడ్డాకులు మన్యం ఆడవాళ్లు అడవిలో కోసి తెచ్చేవి, ఆ డబ్బు వాళ్ల చేతికి చేరుతుంది. తిన్నాక విస్తర్లు గొయ్యిలో వేసి మట్టి కప్పితే ఎరువు.

ఏడాదికి ఐదారు విందులు చేసే సంఘానికి స్టీలు పళ్లాలే మేలు. 400 మంది తింటారని 400 పళ్లాలు కొనక్కర్లేదు. వందేసి మంది చొప్పున నాలుగు బంతులు కూర్చుంటే, ఒక బంతి తింటుండగా ముందు బంతివి కడిగితే 200 పళ్లాలు చాలు. పళ్లెం వంద రూపాయలనుకుంటే 20,000. పారేసే ప్లేటు ఆరు రూపాయల చొప్పున ఐదు విందులకు ఏటా 12,000 అవుతుంది. రెండేళ్లు తిరక్కముందే పళ్లాల ఖరీదు వచ్చేసినట్టు. ప్రతి పళ్లెం మీద సంఘం పేరు చెక్కించాలి. యాభై చొప్పున గోనెసంచిలో కట్టి, పెళ్లిళ్లకు ఇచ్చేటప్పుడు పుస్తకంలో సంతకం తీసుకోవాలి. ఇది లేని చోట మూడో ఏడాదికి సగం మాయమవుతాయి.

'కడగడానికి నీళ్లెక్కడివి' అన్నది అందరూ అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. కొళాయి కింద కడిగితే పళ్లేనికి నాలుగైదు లీటర్లు పోతాయి. తొట్లలో కడిగితే రెండు లీటర్లు దాటవు. ముందు మెతుకులు ఒక బకెట్లోకి దులపాలి. అరవై లీటర్ల తొట్లు మూడు వరసగా పెట్టాలి, మొదటిది సబ్బు నీళ్లు, రెండోది మంచి నీళ్లు, మూడోది మళ్లీ మంచి నీళ్లు. వంద పళ్లాలకోసారి మూడింటినీ మార్చాలి. తర్వాత నిలువుగా ఎండలో పెట్టాలి. గుడ్డతో తుడిస్తే ఆ గుడ్డే రోగాలు పంచుతుంది.

నీళ్లకంటే పెద్ద ప్రశ్న, కడిగేదెవరు? ప్రతి విందుకూ అదే పేట ఆడవాళ్లు కూర్చుని కడుగుతుంటే, తెల్ల చొక్కాలవాళ్లు కుర్చీల్లో కబుర్లు చెప్పుకుంటుంటే, ఆ విందుకు ప్రేమ విందు అన్న పేరు నిలవదు. మొదటి బంతి కడగడం పెద్దలది, రెండోది యవ్వనస్థులది, మూడోది గాయక బృందానిది, నాలుగోది స్త్రీల మైత్రిది అని ముందు ఆదివారమే చదివి వినిపించాలి. సంఘకాపరి మొదటి తొట్టి దగ్గర కూర్చుంటే ఇంకెవరూ కాదనరు.

అన్నం లెక్క కూడా ముందు ఆదివారమే తేల్చుకోవాలి. బిర్యానీకి కిలో బియ్యం ఎనిమిది మందికి సరిపోతుంది. 400 మందికి 50 కిలోలు. తక్కువైతే పరువు పోతుందని వంటవాళ్లు 65 వేస్తారు. మిగిలింది రాత్రికి పులిసి గోతిలో పడుతుంది, అక్కడ కుళ్లి మీథేన్ అవుతుంది. చేతులెత్తించి లెక్కపెట్టి, పిల్లల్ని సగంగా పట్టుకుని, పైన ఐదు కిలోలు వేసుకుంటే ఇబ్బంది రాదు.

చిన్నవిగా కనబడేవి

కరోనా తర్వాత ప్రభువు బల్లకు ప్లాస్టిక్ చిట్టి కప్పులు అలవాటయ్యాయి. 300 మంది, నెలకోసారి, ఏడాదికి 3,600 కప్పులు. చిన్న స్టీలు కప్పులు కొని, సబ్బుతో కడిగి పది నిమిషాలు మరిగించి ఆరబెడితే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. పాత్రలో ఇరవై ఇరవై చొప్పున జాలి బుట్టలో దించి మరిగిస్తే పని సులువు.

సభలకు బ్యానరు ఖాదీ గుడ్డ మీద రంగుతో రాయించండి, సంవత్సరం మాత్రం రాయించకండి. 'క్రిస్మస్ ఆరాధన' అని ఊరుకుంటే అదే గుడ్డ పదేళ్లు కడుతుంది. వక్త పేరు, తేదీ వేరే చిన్న గుడ్డ మీద రాసి కింద కుట్టుకోవచ్చు.

మట్టల ఆదివారానికి ఈత, తాటి, కొబ్బరి మట్టలు కోస్తారు. ఈ చెట్లన్నింటికీ తల ఒక్కటే, మొవ్వ ఒక్కటే. లేతగా తెల్లగా అందంగా ఉంటుందని మొవ్వలో ఆకు లాగితే చెట్టు చస్తుంది. పసిపిల్లల చేతికి సరిపోతాయని ఈత మొలకల మొవ్వలు కోసేవాళ్లున్నారు, అది ఆపాలి. కింది వరస ముదురు మట్టలు కోయండి, చెట్టుకు రెండుకు మించకుండా. ఆ మట్టలు దాచి మరుసటి ఏడు బూడిద బుధవారానికి కాల్చడం కతోలికుల్లో పాత పద్ధతి. మిగతా సంఘాలూ పాటించదగ్గది.

ఇక మొక్క. మే నెలలో రెండడుగుల గొయ్యి తీసి ఎండనివ్వాలి. పై మట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం, రెండు గుప్పిళ్ల వేపపిండి కలిపి నింపాలి. రెండు మంచి వానలు పడ్డాక, జులైలో, మూడడుగులు దాటిన మొక్క నాటాలి. ముంజేయంత మొక్కను మేక ఒక్క పూటలో తినేస్తుంది. వేప, కానుగ, నేరేడు, చింత నాటండి. రావి, మర్రి గోడ దగ్గర వద్దు. మొదటి రెండు వేసవులు గండం. పాదు పక్కన అడుగున సన్నచిల్లు పెట్టి వత్తి దోపిన కుండ పాతి, వారానికి రెండుసార్లు నింపితే నీరు నెమ్మదిగా వేళ్లకు అందుతుంది. సండే స్కూల్ పిల్లల్లో ఒక్కో చెట్టుకు ఇద్దరి పేర్లు రాయాలి, సెలవుల్లో వాళ్లు ఊరెళ్తే బదులు ఎవరో కూడా.

రెండో పేజీ

మనిషికి ఏడాదికి లెక్కేస్తే భారతదేశంలో సుమారు రెండు టన్నులు, అమెరికాలో పధ్నాలుగు టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. మన దేశంలోనూ ఆ రెండు టన్నులు అందరివీ కావు. ఏసీలో ఉన్నవాడిదీ, మిరప చేలో కలుపు తీసే ఆవిడదీ ఒక్కటి కాదు. ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి 2014లో బొగ్గు, చమురు కంపెనీల్లో పెట్టుబడి పెట్టకూడదని తీర్మానించింది. ఇంగ్లండ్ సంఘం (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) 2030కల్లా నికర ఉద్గారాలు సున్నా చేయాలని 2020 ఫిబ్రవరిలో తన మహాసభ అయిన సినడ్‌లో నిర్ణయించుకుంది. 2022లో ఈజిప్టులో జరిగిన వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పుతో నష్టపోయిన పేద దేశాలకు నిధి పెట్టడానికి దేశాలు ఒప్పుకోవడం వెనక సంఘాలు కలిసి చేసిన ఒత్తిడి కూడా ఉంది. అవి కావలసినవే. అయితే ఆ న్యాయం మన పేటలో ఏ ఇంటి తలుపు తట్టాలో చెప్పేది ఈ రెండో పేజీయే.

అమెరికా, గల్ఫ్ దేశాల నుంచి మనవాళ్లు సొంతూరి మందిరానికి డబ్బు పంపుతుంటారు. అది చలువరాళ్లకు, అద్దాల ముఖద్వారానికి, ఏసీలకు పోతోంది. పడమటి వైపు అద్దం పెట్టి, ఆ వేడి దించడానికి ఏసీ పెట్టడం కంటే బాధ కలిగించే పని లేదు. ఇచ్చే అన్నయ్యలకు, అక్కయ్యలకు ఈ పేజీ పంపండి. మెదక్ మహాదేవాలయం (కెథడ్రల్) 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. పదేళ్లపాటు సాగిన ఆ కట్టడంలో మిషనరీ పోస్నెట్ దొర కరువు బారిన పడ్డ పల్లెలవాళ్లకు పని చూపించి కూలి ఇచ్చారు. కట్టడానికి పెట్టిన డబ్బు పొయ్యి వెలిగించింది. మనకు అంత దగ్గరి ఉదాహరణ ఇంట్లోనే ఉంది.

తీరప్రాంత సంఘాలకు ఈ పేజీలో మొదటి పని తుపాను. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఎత్తు పునాది మీద కాంక్రీటు కప్పున్న మందిరం ఆ రాత్రికి ఊరికి ఆశ్రయం కాగలదు. తాళం చెవులు ముగ్గురి దగ్గర ఉండాలి. 200 మందికి రెండు రోజులకు, మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున, 1,200 లీటర్ల తాగునీళ్లు నిలవ ఉండాలి. ఆడవాళ్లకు గడియ పడే మరుగుదొడ్లు, టార్చిలైట్లు, క్లోరిన్ బిళ్లలు, తాళ్లు ఉండాలి. ఏ కులం, ఏ మతం అని అడగకుండా తలుపు తియ్యాలని ముందే తీర్మానం రాసిపెట్టుకోండి. ఆ రాత్రి గుమ్మంలో వాదన జరగకూడదు.

మిగతా అందరికీ ఎండ. 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేలకు పైగా మంది చనిపోతే అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ల పైకప్పుల మీద ఎండను తిప్పికొట్టే పూతలు వేయించే చల్లని కప్పుల విధానం తెచ్చింది. సంఘం అంత దాకా ఆగనక్కర్లేదు. ఈస్టర్‌కు ముందు ఉపవాసం ఉండే శ్రమకాలం నలభై రోజులు సరిగ్గా ఎండ ముదిరే వేళకే వస్తాయి. ఉపవాసంలో మిగిలిన డబ్బును సున్నానికి కేటాయించండి. పది కిలోల సున్నం రాత్రంతా నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, అర కిలో జిగురు కలిపి స్లాబు మీద రెండు పూతలు వేయాలి. చిన్న ఇంటికి సరిపోతుంది. లోపల రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గుతుంది. ఇనుప రేకు మీద సున్నం నిలవదు, దానికి తెల్ల కూల్ రూఫ్ పెయింటు కావాలి. సిమెంటు రేకు మీదికి ఎక్కేటప్పుడు అడ్డంగా పలక వేసుకుని దాని మీదే నడవాలి, రేకును పొడిగా గీకకూడదు, ఆ దుమ్ములో ఆస్‌బెస్టాస్ ఉంటుంది.

మార్చి నుంచి ఆరాధన ఏడింటికే మొదలవ్వాలి. ఉపాధి హామీ చట్టం 2005లో రాసినప్పుడే పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలన్నారు. అవి లేని చోట సంఘ పెద్దలు కూలీలతో కలిసి పంచాయతీకి లెటర్‌హెడ్ మీద అర్జీ ఇవ్వాలి. ఒంటరి కూలీ అడిగితే మర్నాడు పని దొరక్కపోవచ్చు, సంఘం అడిగితే అలా జరగదు.

రాతిగోడల పాత దేవాలయమయితే మధ్యాహ్నం ఊళ్లో అంతకంటే చల్లని చోటు ఉండదు. రాత్రంతా కిటికీలు తెరిచి, పొద్దున తొమ్మిదికి మూసి, 11 నుంచి 4 దాకా తలుపు ఊరికి తియ్యండి. చాపలు, తడిగుడ్డలు, రెండు కుండల నీళ్లు, ఓఆర్ఎస్ చాలు. ప్యాకెట్లు అయిపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో తలగొట్టి కొలిచి కలపాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. వచ్చినవాళ్లను పడుకోనివ్వండి, ఆ వేళ కూడిక పెట్టకండి. రేకుల మందిరమయితే మధ్యాహ్నం అది పొయ్యి, వేపచెట్టు కిందే నయం. గాలి నలభై డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను ముసలివాళ్లకు వడగాలినే విసురుతుంది, ఒంటి మీద తడిగుడ్డ వేసి ఫ్యాను పెట్టాలి.

ఎవరైనా మాట తడబడుతూ, మనుషుల్ని గుర్తుపట్టలేక, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. ముందు 108కి ఫోను. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి, మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో చన్నీళ్ల గుడ్డలు పెట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ప్రార్థన చేసేవాళ్లు గుడ్డ తడుపుతూనే చేయాలి.

రెండో పేజీలో ఒంటరిగా ఉన్న పేర్ల పక్కన ఫోన్ నంబరు, ఆ పక్కన మధ్యాహ్నం రెండింటికి వాళ్లకు ఫోను చేసే మనిషి పేరు రాయండి. ఫోను లేని ఇల్లయితే వెళ్లి చూసి వచ్చే మనిషి పేరు. మార్చి మొదటి ఆదివారం ప్రకటనల్లో ఈ జతలు చదవాలి, ఏప్రిల్ మొదటి ఆదివారం మళ్లీ చదవాలి. ఎవరి జత ఊళ్లో లేరో ఆ ఆదివారమే అక్కడికక్కడ వేరొకరి పేరు రాసుకోవాలి.